ఓడ మీద వైద్యుడు ఎవరి మనిషి?

మారిషస్ ఉత్తర తీరానికి ఎదురుగా గాబ్రియేల్ అనే చిన్న దీవి ఉంది. 1856 జనవరిలో కలకత్తా నుంచి హైదరీ, ఫతే ముబారక్ అనే రెండు ఓడలు కలరాతో వచ్చినప్పుడు, అందులోని ఆరు వందల పైచిలుకు కూలీలను పోర్ట్ లూయీ రేవులో కాలు పెట్టనివ్వకుండా తీసుకెళ్ళి ఆ దీవి మీద దింపారు. తలదాచుకోవడానికి చాలినంత చోటు లేదు, చాలినన్ని మంచినీళ్ళూ లేవు. మూడు వందలకు కాస్త తక్కువ మంది అక్కడే పోయారు. దీవి నుంచి చూస్తే కనిపించే మారిషస్ గడ్డ మీదే వైద్యులూ ఆసుపత్రులూ ఉన్న పట్నం ఉంది. రెండేళ్ళ కిందటే, 1854లో, కలరా మారిషస్‌లో వేల మందిని పొట్టన పెట్టుకుంది కాబట్టి అక్కడి జనం భయంలో అర్థం ఉంది. కానీ ఆ భయానికి పుట్టిన ఏర్పాటంతా ఊరిని కాపాడటానికే పనికొచ్చింది. జబ్బుపడి వచ్చినవాణ్ని కాపాడే పూచీ ఎవరిదో ఎక్కడా రాసిపెట్టి లేదు. కూలీని పిలిపించుకున్న తోట యజమాని వాడింకా తన తోటకు రాలేదన్నాడు, తెచ్చిన కెప్టెన్ తన పని రేవు దాకానేనన్నాడు, రేవు అధికారులు వాడింకా ఊళ్ళోకి రాలేదన్నారు. ఈ మూడు మాటల సందులో మనుషులు చచ్చిపోయారు. భారత ప్రభుత్వం ఆ ఏడాదిలోనే మారిషస్‌కు కూలీల్ని పంపడం ఆపేసింది.

పరాయి దేశానికి వెళ్ళే దారిలో ఒంటికి ముంచుకొచ్చిన ఆపద నుంచి మనిషి ఎలా బయటపడ్డాడన్న చరిత్రను మనం సాధారణంగా మందుల చరిత్రగా చెప్పుకుంటాం. టీకాలొచ్చాయి, ఆవిరి ఓడలొచ్చాయి, సూక్ష్మజీవుల సంగతి తెలిసింది, చావులు తగ్గాయి అని. అందులో నిజం లేకపోలేదు. అయితే కూలీ ఓడల రికార్డుల్ని, వాటికి ముందు నడిచిన ఖైదీ ఓడల రికార్డుల్ని వరసగా పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చావులు పెద్ద ఎత్తున తగ్గింది కొత్త మందు దొరికినప్పుడు కాదు. వైద్యుడు ఓడ యజమాని మనిషి కాకుండా పోయినప్పుడు, రోగి బతికితేనే అతనికి డబ్బూ పేరూ వచ్చే ఏర్పాటు జరిగినప్పుడు, ఆ రెంటికీ తోడు కెప్టెన్ మాటను కాదనే అధికారం అతని చేతికి వచ్చినప్పుడు తగ్గాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కినవి పనిచెయ్యలేదు. మన ఉత్తరాంధ్ర, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుంచి మద్రాసులోని కూలీల డిపో మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, ఫిజీకి, గయానాకు వెళ్ళినవాళ్ళ ప్రాణాలు ఈ ఏర్పాటు మీదే ఆధారపడ్డాయి కనుక ఇది మన చరిత్ర కూడా.

ఈ కథ మొదలు బానిసల ఓడల్లో ఉంది. 1788లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన డాల్బెన్ చట్టం ఒక లెక్క పెట్టింది. దారిలో చావులు నూటికి రెండు దాటకపోతే కెప్టెన్‌కు 100 పౌండ్లు, వైద్యుడికి 50 పౌండ్లు. మూడు దాటకపోతే అందులో సగం. మనిషి బతికి ఒడ్డు చేరడాన్ని డబ్బుతో ముడిపెట్టిన తొలి చట్టాల్లో ఇదొకటి. ఆ ఆలోచన మంచి మనసులోంచి వచ్చిందా, సరుకు పాడవకూడదన్న లెక్కలోంచి వచ్చిందా అన్నది చర్చించుకోవచ్చు గానీ, రెండేళ్ళకే అదే ప్రభుత్వం ఆ పాఠాన్ని మరిచిపోయింది. 1790లో ఆస్ట్రేలియాకు ఖైదీలను తీసుకెళ్ళిన రెండో ఓడల గుంపు కాంట్రాక్టు, బానిస వ్యాపారంలో చేయితిరిగిన కంపెనీకే దక్కింది. ఒక్కో ఖైదీకి 17 పౌండ్ల 7 షిల్లింగుల 6 పెన్నీల చొప్పున, ఎక్కించినవాళ్ళ లెక్కకే చెల్లింపు. దింపినవాళ్ళ లెక్క అడిగేవాడు లేడు. అలాంటప్పుడు దారిలో చచ్చినవాడి తిండి ఖర్చు కూడా మిగులే. దాదాపు నాలుగోవంతు మంది దారిలోనే పోయారు, దిగినవాళ్ళలో చాలామంది నిలబడలేని స్థితిలో దిగారు. ఆ ఓడల్లోనూ వైద్యులున్నారు.

అయితే డబ్బుతో ముడిపెడితే చాలా? చాలదని చెప్పడానికి గట్టి రుజువుంది, నా వాదనకు ఎదురుగా నిలబడే రుజువు కాబట్టి దాన్ని దాటవేయకూడదు. 1798లో బయల్దేరి 1799లో సిడ్నీ చేరిన హిల్స్‌బరో ఓడ కాంట్రాక్టులో, ఆరోగ్యంగా దింపిన ప్రతి ఖైదీకి అదనంగా సొమ్ము చెల్లిస్తామన్న షరతు ఉంది. అయినా మూడు వందల మందిలో 95 మంది విషజ్వరంతో పోయారు. బోనస్ ఆశ చూపినా ఫలితం లేదు. ఎందుకని? ఆ ఆశ చూపింది ఓడ నడిపేవాళ్ళకు. కానీ కట్టిన గొలుసులు విప్పి ఖైదీలను పైకి గాలిలోకి తెమ్మని, కింద అరల్ని కడిగించమని, తిండి కొలతలో కోత పెట్టొద్దని కెప్టెన్‌ను శాసించగల మనిషి ఆ ఓడ మీద లేడు. వైద్యుడు కెప్టెన్ కింద పనిచేసేవాడు, కెప్టెన్ పెట్టిన తిండే తినేవాడు. 1814లో జనరల్ హ్యూయిట్, త్రీ బీస్, సర్రీ అనే మూడు ఓడలు జ్వరాలతో, చావులతో సిడ్నీ చేరాక గవర్నర్ మక్వారీ విచారణ అప్పగించింది విలియం రెడ్‌ఫర్న్ అనే వైద్యుడికి. ఈయన ఒకప్పుడు నౌకాదళ వైద్యుడు, 1797 నావికుల తిరుగుబాటులో ఇరుక్కుని మరణశిక్ష పడి, అది తగ్గి ఖైదీగానే ఆస్ట్రేలియా చేరిన మనిషి. ఓడ కింద అరలో బతకడమంటే ఏమిటో, పైనున్నవాడి మాటకు ఎదురు చెప్పలేకపోవడమంటే ఏమిటో తెలిసినవాడు. అతని నివేదికలో గాలి, శుభ్రత, తిండి గురించిన సలహాలతోపాటు అసలైన సలహా ఒకటుంది. వైద్యుడు నౌకాదళం నుంచి రావాలి, ప్రభుత్వ ప్రతినిధిగా ఓడెక్కాలి, కెప్టెన్‌కు లోబడి ఉండకూడదు. 1815 నుంచి సర్జన్ సూపరింటెండెంట్ అనే పదవి ఆ విధంగా స్థిరపడింది. ఆ తర్వాతి ఖైదీ ఓడల్లో చావులు నూటికి ఒక్కరి దరిదాపుల్లోకి వచ్చేశాయి. ఇది జరిగేనాటికి ఆవిరి ఓడలు ఆ దారిన నడవడం లేదు, కలరా, విషజ్వరం దేనివల్ల వస్తాయో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. తెరచాపలు అవే, సముద్రం అదే, మందులూ అవే.

ఇంత తెలిశాక కూడా 1834 తర్వాత భారతీయ కూలీల రవాణా మొదలైనప్పుడు పాఠం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. 1856-57 సీజనులో కలకత్తా నుంచి కరీబియన్ దీవులకు వెళ్ళిన ఓడల్లో సగటున నూటికి 17 మందికి పైగా దారిలోనే పోయారు. 1858లో ట్రినిడాడ్ వెళ్ళిన సాల్సెట్ ఓడలో ఎక్కిన మూడు వందల పైచిలుకు మందిలో మూడోవంతు పైగా పోయారు. ఆ ఓడ కెప్టెన్ స్వింటన్ రాసుకున్న రోజువారీ డైరీని అతని భార్య జేన్ మరుసటి ఏడు అచ్చు వేయించింది. రోజుకింతమంది చొప్పున శవాల్ని సముద్రంలోకి జారవిడిచిన ఆ లెక్క చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. కలకత్తా చావులపై విచారణ జరిపిన డాక్టర్ మౌవాట్, హుగ్లీ నీళ్ళ దగ్గర్నుంచి డిపోలో జనాన్ని ఎంచే తీరు దాకా తప్పులు పట్టాడు. మద్రాసు నుంచి వెళ్ళిన ఓడల్లో చావులు ఆ కాలంలో కలకత్తా ఓడల కంటే తక్కువే. దూరం నుంచి నడిచి నీరసించి వచ్చినవాళ్ళు, కలరా ఉన్న నదీతీరపు డిపో, ఆ నది నీళ్ళే ఓడ పీపాల్లో నింపడం, ఇవన్నీ కలకత్తాకు ఎక్కువ. అంటే ఒకే చట్టం, ఒకే రకం ఓడలు ఉన్నా రేవుని బట్టి ప్రాణం ధర మారేది.

1860ల చట్టాల తర్వాత స్థిరపడిన ఏర్పాటును కాస్త దగ్గరగా చూడాలి. మద్రాసు డిపోలో కూలీకి ఇచ్చే పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు రాసి, కింద డిపో వైద్యుడూ ఓడ వైద్యుడూ పరీక్షించామనీ, రోగం లేదనీ, టీకా వేశామనీ సంతకం పెట్టాలి. ఆ తర్వాత వలస కూలీల రక్షణకు ప్రభుత్వం నియమించిన ప్రొటెక్టర్ అనే అధికారి సంతకం. నంబరు వేసిన తగరపు బిళ్ళ మెడలో వేలాడుతుంది. ఓడ వైద్యుడికి జీతం కాదు, బతికి దిగిన తలకు ఇన్ని షిల్లింగులని ఇచ్చేవారు. ప్రయాణాలు ఎక్కువ చేసినవాడికి ఆ రేటు పెరిగేది. బియ్యం, పప్పు, నెయ్యి, చింతపండు, పసుపు, ఎండుచేప ఎంతెంతో చట్టంలోనే ఉండేది. చలి సముద్రంలోకి వెళ్ళే ముందు దుప్పట్లు పంచాలి. పొద్దున వంట మొదలయ్యే ముందు అరల్లోంచి అందర్నీ పైకి తోలి, నేలను నీళ్ళతో తడపకుండా పొడిగా రాయితో తోమించి, వైద్యుడు స్వయంగా దిగి చూడాలి. తడి చెమ్మ జ్వరాన్ని పెంచుతుందన్న అనుభవం ఆ నియమంలో ఉంది. భాష రాని వైద్యుడికీ, తెలుగో తమిళమో మాట్లాడే రోగికీ నడుమ కాంపౌండర్లు, దుభాషీలు, సర్దార్లు ఉండేవారు. కడుపు నొప్పి అంటే ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగి చెప్పే ఆ మధ్యవర్తి తేడాగా చెబితే మందు తేడాగా పడేది. ప్రయాణం ముగిశాక వైద్యుడి పుస్తకాన్ని దిగే రేవులోని అధికారి తనిఖీ చేసి, చావులెందుకయ్యాయో సంజాయిషీ అడిగేవాడు. సరిగా చెప్పలేనివాడికి మరో ఓడ దొరకడం కష్టం. ఈ మొత్తంలో నాకు విలువైనదిగా తోచేది ఆ చివరి సంగతే. చనిపోయినవాడి పేరూ కారణమూ ఒక పుస్తకంలో ఎక్కడం, ఆ పుస్తకాన్ని వైద్యుడి మీద ఆధారపడని ఇంకొకరు చదవడం.

ఇలా చెబితే రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ప్రయాణాలు త్వరగా ముగియడం వల్లనే చావులు తగ్గాయి, వైద్యుడి పదవికి ఆ ఘనత కట్టబెట్టకూడదని. నేటాల్ దారికి ఈ మాట కొంత వర్తిస్తుంది. కానీ కరీబియన్ దారిలో ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే దాకా తెరచాప ఓడలే ఎక్కువ. మూడు నెలలకు అటూ ఇటూ పట్టే ఆ ప్రయాణంలో కూడా శతాబ్దాంతానికి చావులు సాధారణంగా నూటికి ఒకటి రెండుకు దిగాయి. రెండో అభ్యంతరం బరువైనది. తలకింత అని డబ్బిస్తే వైద్యుడు రోగిని బాగుచెయ్యడం కన్నా, రోగం వచ్చేలా ఉన్నవాణ్ని ఓడ ఎక్కనివ్వకపోవడం సులువనుకుంటాడు. చావులు తగ్గడంలో ఒక భాగం బలహీనుల్ని రేవులోనే వదిలేయడం వల్ల వచ్చిందన్నది ఒప్పుకోవలసిందే. ఇల్లూ వాకిలీ వదిలి మద్రాసు దాకా వచ్చి డిపో గేటు దగ్గర తిరుగుముఖం పట్టినవాడి కథ ఏ పుస్తకంలోనూ లేదు. పైగా మనిషిని తలగా లెక్కపెట్టే పద్ధతి బానిస ఓడ నుంచి వచ్చిందన్నదీ నిజమే. అయినా ఎక్కిన తర్వాత కలరా తగిలినవాడికి ఇద్దరు వైద్యుల్లో ఎవరు మేలు? రోగి బతికితే లాభపడేవాడా, రోగి బతికినా చచ్చినా జీతం మారనివాడా? చట్టంలో జాలి రాయలేం, పూచీ మాత్రమే రాయగలం.

ఓడ దిగాక ఏమైందన్నది ఇంకా స్పష్టమైన రుజువు. సముద్రం మీద కూలీ వెంట ఉన్న రక్షణ తోట గుమ్మం దగ్గర ఆగిపోయింది. తోట ఆసుపత్రి యజమానిది, అందులో వైద్యుడికి జీతమిచ్చేదీ యజమానే. జ్వరమొచ్చిన కూలీని పడుకోబెట్టాలా, పనికి పంపాలా అన్న మాట చివరికి జీతమిచ్చేవాడి నోట రావలసిందే. బ్రిటిష్ గయానాలో మేజిస్ట్రేటుగా చేసిన జార్జ్ విలియం డే వో, ఆ కొలువు వదిలి సెయింట్ లూషియాకు వెళ్ళాక, 1869 క్రిస్మస్ రోజున బ్రిటన్ వలసరాజ్యాల మంత్రి గ్రాన్‌విల్‌కు సుదీర్ఘమైన లేఖ రాశాడు. మేజిస్ట్రేట్లు తోటల యజమానుల వైపు మొగ్గుతున్నారన్నది అందులోని ఒక ఆరోపణ. తోట వైద్యులు యజమానుల దయ మీద బతుకుతున్నారు కనుక నిజం చెప్పలేరన్నది మరొకటి. కమిషన్ వచ్చింది, యజమానులు మండిపడ్డారు, డే వో చెప్పిన కొన్ని సంగతులకు సాక్ష్యం చాలలేదు కూడా. కానీ వైద్యుల సంగతిలో అతని మాటే నిలిచింది. 1873 చట్టంతో గయానాలో తోట వైద్యులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. నేటాల్‌లోనూ ఇదే దారి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేర్చిన తొలి విడతలోనే తెలుగువాళ్ళున్నారు. ఆ తర్వాత గిర్మిట్ అనే కూలి ఒప్పందం ముగించి 1871లో మద్రాసుకు తిరిగొచ్చినవాళ్ళు దెబ్బలూ, జీతాల్లో కోతలూ, వైద్యం లేకపోవడమూ గురించి చెప్పుకుంటే, అక్కడికి అప్పటికే ఆగిపోయి ఉన్న కూలీల రవాణాను మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు ప్రొటెక్టర్ ఉండాలని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. 1872లో నేటాల్ కమిషన్ విచారించింది, 1874లో ఓడలు మళ్ళీ నడిచాయి. 1911లో ఆగేలోపు నేటాల్ చేరిన లక్షా యాభై రెండు వేల మందిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవాళ్ళే. 1871లో రేవులో నిలబడి తమ గోడు చెప్పుకున్నవాళ్ళు సామాన్య కూలీలు. వాళ్ళు నోరు విప్పకపోతే ఆ మార్పు ఇంకెన్నేళ్ళకు వచ్చేదో.

బర్మా దారి ఇందుకు పూర్తిగా భిన్నం. కోరంగి, కాకినాడ, భీమిలి, విశాఖ రేవుల నుంచి రంగూన్‌కు వెళ్ళిన తెలుగువాళ్ళ సంఖ్య ముందు నేటాల్, ఫిజీ అంకెలు చిన్నవైపోతాయి. కానీ 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం కాబట్టి చట్టం దృష్టిలో అది విదేశం కాదు. గిర్మిట్ లేదు, కూలీల్ని కుదిర్చే మేస్త్రీకి రాసిచ్చిన అప్పు ఉంది. డెక్కు టిక్కెట్టు కొనుక్కున్న స్వేచ్ఛాజీవి అనుకున్నారు కనుక, అతని తలకింత అని డబ్బు అందుకునే వైద్యుడు గానీ, రేవులో పుస్తకం తెరిచి సంజాయిషీ అడిగే ప్రొటెక్టర్ గానీ లేరు. కట్టుబానిసలాంటి కూలీకి దొరికిన పూచీ స్వేచ్ఛగా వెళ్ళిన కూలీకి దొరకలేదు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన నడుస్తూ కలరాతో, మలేరియాతో దారి పక్కన రాలిపోయిన మనవాళ్ళ పేర్లు ఏ వైద్యుడి పుస్తకంలోనూ లేకపోవడానికి యుద్ధం ఒక్కటే కారణం కాదు. వాళ్ళ లెక్క రాసే పద్ధతి అంతకుముందు డెబ్భై ఏళ్ళలోనూ లేదు.

గిర్మిట్ 1920తో ముగిసింది. ప్రొటెక్టర్ కొలువు మాత్రం 1922 చట్టంలో కొనసాగి, 1983 ఎమిగ్రేషన్ చట్టంలోకి వచ్చి, నేటికీ హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంగా పనిచేస్తోంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచీ, గోదావరి, కడప జిల్లాల నుంచీ గల్ఫ్‌కు వెళ్ళే పదో తరగతి పాసవనివాళ్ళ కాగితాలు ఆ బల్ల మీదుగానే వెళ్ళాలి. ఆ కాగితాలతోపాటు 2003 నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి పది లక్షలు. ఇది లేని రోజులతో పోలిస్తే చాలా మేలు, దీన్ని సాధించినవాళ్ళకు మొక్కాలి. కానీ మద్రాసు డిపో కాలపు ఏర్పాటుతో పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కళ్ళకు కొడుతుంది. అప్పటి డబ్బు బతికి దిగినవాడి మీద ఇచ్చేవారు. ఇప్పటి బీమాలో పెద్ద మొత్తం చనిపోయినవాడి మీద వస్తుంది, అదీ ప్రమాదమైతేనే. యాభై డిగ్రీల ఎండలో పనిచేసి రాత్రి నిద్రలో గుండె ఆగిపోయినవాడిది సహజ మరణంగా రాస్తే పది లక్షల పద్దు వర్తించదు. అక్కడి ఆసుపత్రి ఖర్చు కోసం ఉన్న ఆరోగ్య బీమా కార్డు చాలా చోట్ల యజమాని కట్టాలి, కార్డు రెన్యువల్ చేయించాల్సిందీ అతనే. అంటే వైద్యం మళ్ళీ పనిచేయించుకునేవాడి చేతికే వచ్చింది, 1873కు ముందు గయానా తోటలో ఉన్నట్టే.

దేశాంతరం వెళ్ళిన మనిషిని కాపాడాల్సింది ఆ దేశమే, మన కార్యాలయం అక్కడిదాకా ఎలా చేయి చాస్తుందని అడిగేవాళ్ళున్నారు. 1871 నాటి నేటాల్ సంగతి గుర్తు చేసుకోవాలి. అప్పటి భారత ప్రభుత్వం పరాయి ప్రభుత్వమై ఉండి కూడా, ప్రొటెక్టర్ లేని చోటికి మనుషుల్ని పంపేది లేదని పట్టుబట్టి, మూడేళ్ళలో అవతలివాళ్ళ చేత చట్టం మార్పించింది. చనిపోయిన ప్రతి కార్మికుడి వయసు, పని చేసిన చోటు, వైద్యుడు రాసిన కారణం వరసగా చదివి, ఒకే కంపెనీ క్యాంపు నుంచి ఇన్ని గుండెపోట్లు ఎందుకొచ్చాయని సంజాయిషీ అడిగే అధికారిని మన రాయబార కార్యాలయాల్లో కూర్చోబెట్టడానికి కొత్త మందులేవీ కనిపెట్టనక్కర్లేదు. ఆ పని ఓడ దిగే రేవుల్లో నూటయాభై ఏళ్ళ కిందటే జరిగింది. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడే పనిలో చేరేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. హైదరాబాద్ కార్యాలయంలో వాళ్ళకు క్లియరెన్సు లేదు, దానితో వచ్చే బీమా లేదు, విమానం దిగాక వాళ్ళ పేరు రాసుకున్న పుస్తకమూ లేదు. బర్మా డెక్కు ప్రయాణికుడి తర్వాత ఆ వరసలో ఇప్పుడు నిలబడి ఉన్నది వాళ్ళే, ముందుగా పూచీ దొరకాల్సిందీ వాళ్ళకే.